నరం అంటే ఏ నరం?

హన్మకొండ బస్టాండు దగ్గరో, కాజీపేట స్టేషను రోడ్డులోనో ‘నరాల బలహీనత’ అన్న పోస్టరు చూడని మగవాళ్లు తక్కువ. అంగస్తంభన సమస్యకు మన దగ్గర మర్యాదగా వాడే మాట అదే. అందుకే ధైర్యం చేసి డాక్టరు దాకా వచ్చినవాళ్లు కూడా ‘నరాల టెస్టు చేస్తారా సార్’ అని అడుగుతారు.

1869లో అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ నీరసం, నిద్రలేమి, లైంగిక బలహీనత అన్నిటికీ నరాల శక్తి తరగడమే మూలమన్నాడు. వైద్యం ఆ వాదాన్ని తర్వాత వదిలేసింది, మందులమ్మేవాళ్లు వదల్లేదు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నరాల బలహీనతకు, నపుంసకత్వానికి మందులంటూ ప్రకటనలు ఇవ్వకూడదంది. పోస్టర్లు ఇంకా ఉన్నాయి.

అలాగని నరాల పాత్ర లేదనలేం. జర్మన్ శాస్త్రవేత్త ఎక్‌హార్డ్ 1863లోనే కుక్కల కటి (పొత్తికడుపు అడుగుభాగం) నరాలకు కరెంటు పెట్టి స్తంభన తెప్పించాడు. వందేళ్లు దాటాక మనుషులకు పరీక్షలొచ్చాయి. అంగానికి చిన్నగా కరెంటు తగిలించి, మలద్వారం ముందున్న కండరం ఎంతసేపటికి ముడుచుకుంటుందో సూదితో కొలుస్తారు. మామూలుగా 35 మిల్లీసెకన్లకు అటూఇటూ. చిక్కంతా ఇక్కడే. ఆ కరెంటు నడిచేది స్పర్శను మోసే లావు నరంలో. స్తంభన తెచ్చేవి మన అదుపులో లేని సన్నని నరాలు, వాటిని ఈ టెస్టు చూడనే చూడదు. రిపోర్టు నార్మల్ వచ్చినా ఆ నరాలు దెబ్బతిని ఉండొచ్చు.

మరోవైపు, కారణం మనసులోనా ఒంట్లోనా అని తేల్చడానికి నిద్రలో వచ్చే స్తంభనను కొలిచేవారు. నిద్రలో బాగా వస్తే కారణం ఒంట్లో కాదు, మనసులోనని లెక్క. 1980లో తపాలా బిళ్లల వరుసను అంగం చుట్టూ అంటించి, పొద్దున చిరిగిందా లేదా చూసే పద్ధతి కూడా వచ్చింది! 1998లో స్తంభనకు తోడ్పడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర వచ్చాక ఈ పరీక్షల అవసరం బాగా తగ్గింది.

మన భాషలో ఇంకో ముడి ఉంది. ‘నరానికి సూది’ అంటే రక్తనాళానికి ఇచ్చే ఇంజెక్షన్. మనం నరమనే ఆ రక్తనాళాలే ఈ సమస్యకు ఎక్కువసార్లు కారణం. అందుకే డాక్టరు మొదట బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొద్దుటి టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) చూస్తారు, గుండె గురించి అడుగుతారు. నరాల పరీక్ష వెన్నుపూస దెబ్బలు, కటి ఆపరేషన్లు, పాత షుగర్ ఉన్న కొందరికే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో తెలిసినవాళ్లు చూస్తారేమోనని వెనకాడేవాళ్లు ఈ రక్తపరీక్షలు దగ్గర్లోని ఏ ల్యాబులోనైనా చేయించుకోవచ్చు. అరికాళ్లలో మంట, లేవగానే కళ్లు తిరగడం ఉంటే సన్నని నరాలు దెబ్బతిని ఉండొచ్చు, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.