పురుగుమందు విషం: అట్రోపిన్ చేరలేని చోటు

నరం కండరానికి నేరుగా అతుక్కుని ఉండదు. రెండింటి మధ్య కంటికి కనపడనంత సన్నని సందు ఉంటుంది. కదలమని చెప్పడానికి నరం ఆ సందులోకి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది కండరం మీది గ్రాహకాలను, అంటే కబురు అందుకునే చోట్లను, తాకగానే కండరం ముడుచుకుంటుంది. పని అయిన వెంటనే, ఒకట్రెండు మిల్లీసెకన్లలోనే, కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ రసాయనాన్ని విరగ్గొట్టేస్తుంది. దాంతో కండరం తేరుకుని మళ్లీ కబురు అందుకోవడానికి సిద్ధమవుతుంది.

ఈ ఎంజైమును ఆపడం వల్ల మేలూ జరగొచ్చని 1934లో లండన్ గ్రీనిచ్‌లో డాక్టర్ మేరీ వాకర్ చూపించారు. మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బులో కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. అలాంటి రోగికి ఆమె ఈ ఎంజైమును ఆపే ఫైసోస్టిగ్మిన్ అనే మందు ఇంజెక్షన్ ఇస్తే వాలిన రెప్ప లేచింది. ఆ గుణం ఉన్నది కొన్ని గంటలే. అయినా ఎంత గొప్ప సంగతి! ఈ జబ్బులో గ్రాహకాలు తగ్గిపోతాయి. రసాయనం కాసేపు ఎక్కువ నిలిస్తే, మిగిలిన ఆ కొద్ది గ్రాహకాలతోనే పని జరుగుతుంది. ఈ రోగులు ఇప్పుడు ఎక్కువగా వాడే పైరిడోస్టిగ్మిన్ మాత్రదీ ఇదే పద్ధతి.

మోతాదు మించితే మాత్రం కథ తిరగబడుతుంది. రసాయనం సందులోనే పేరుకుపోతే కండరానికి తేరుకునే వ్యవధి దొరకదు. ముందు సన్నగా అదురుతుంది, తర్వాత చచ్చుబడుతుంది. మన పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఒంట్లోకి చేరితే చేసేది ఇదే. పైగా అవి ఎంజైమును ఒక పట్టాన వదలవు.

ఆసుపత్రిలో ఈ విషానికి ఇచ్చే అట్రోపిన్ అనే మందు ఎక్కించగానే నోట్లో నురుగు తగ్గుతుంది, చెమటలు ఆగుతాయి, ఊపిరితిత్తుల్లో గురగుర పోతుంది. ప్రాణం నిలబెట్టే మందే అది. కానీ అది పనిచేసేది గ్రంథులు, శ్వాసనాళాలు, గుండె మీద. చేతుల్ని, మెడని, ఛాతీని కదిలించే కండరాల గ్రాహకాలు వేరే రకం. వాటి మీద అట్రోపిన్ ప్రభావం ఉండదు. "మనిషి తెలివిలోకి వచ్చాడు, ఇంటికి తీసుకెళ్తాం" అని బంధువులు తొందరపడేది సరిగ్గా ఈ దశలోనే.

విషం ఎక్కిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో కండరాలు కొత్తగా బలహీనపడతాయని 1987లో శ్రీలంక వైద్యులు వివరించారు. తొలి గుర్తు చాలాసార్లు మెడలోనే కనిపిస్తుంది: రోగి తలని దిండు మీంచి పైకి ఎత్తలేడు. తర్వాత ఊపిరి తీసే కండరాలకూ అదే గతి పట్టొచ్చు. కాబట్టి ఈ నాలుగు రోజులూ డిశ్చార్జ్ అడగకూడదు. తల ఎత్తలేకపోతున్నాడని కనిపెట్టిన వెంటనే నర్సుకు చెప్పాలి. వేళకి వెంటిలేటర్ అందితే, ఒకటి నుంచి మూడు వారాల్లో చాలామంది మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకుంటారు.