లేజర్‌తో సెమీకండక్టర్ ముద్రణ: పీహెచ్‌డీ స్థానాల వెనుక ఉన్న యాభై ఏళ్ల కథ

లేజర్ ముద్రణతో ట్రాన్సిస్టర్లను, ఎల్‌ఈడీలను, సెన్సర్లను తయారుచేసే అంశంపై పీహెచ్‌డీ ప్రకటన వెలువడినప్పుడు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, మెటీరియల్స్ సైన్స్, ఎలక్ట్రానిక్స్‌లలో ఏది చదివినవారైనా దరఖాస్తు చేసుకోవచ్చని తరచుగా రాసి ఉంటుంది. ఇంత విశాలమైన అర్హత చూసి, ఇది ఇంకా రూపు తేలని కొత్త రంగమేమోనని అనుమానించే విద్యార్థులు ఉంటారు. నిజానికి ఈ రంగం వయసు యాభై ఏళ్లు దాటింది. ఏ ఒక్క శాఖవారూ దీన్ని ఒంటరిగా ముందుకు నడపలేకపోవడమే ఆ విశాలతకు కారణం.

ఆఫీసుల్లో కనిపించే లేజర్ ప్రింటర్‌కూ దీనికీ సంబంధం పేరులోనే. ఆ ప్రింటర్‌లో లేజర్ పని డ్రమ్ము మీద బొమ్మ గీయడంతో ముగుస్తుంది. టోనర్ పొడిని కాగితానికి చేర్చేది స్థిర విద్యుత్తు. ఇక్కడ పదార్థాన్ని కదిలించేది లేజరే. గాజుపలక అడుగున పలచని పొరగా పదార్థాన్ని పూసి, పలక వెనుక నుంచి అతి స్వల్పకాలపు లేజర్ పల్స్‌ను పంపితే, కార్బన్ కాగితం మీద కలం నొక్కిన చోటే అచ్చు పడినట్టు, వెలుగు తగిలిన మేరకు పొర ఊడి ఎదుటి పలకకు అతుక్కుంటుంది. దీనిని లేజర్ ఇండ్యూస్డ్ ఫార్వర్డ్ ట్రాన్స్‌ఫర్ అనీ, క్లుప్తంగా లిఫ్ట్ అనీ అంటారు. ఇంక్‌జెట్‌లో ఉండే సన్నని రంధ్రం ఇందులో లేదు కనుక చిక్కటి పేస్టులను, గట్టి పొరలను కూడా ముద్రించవచ్చు.

1960లో తొలి లేజర్ వెలిగిన తర్వాత పదేళ్లలోపే, 1969-70లలో, ఈ ఆలోచన పరిశోధన పత్రాల్లోకి వచ్చింది. అప్పటి లక్ష్యం బొమ్మలను, సమాచారాన్ని నమోదు చేయడమే. ఎలక్ట్రానిక్స్ వైపు మలుపు 1986లో వచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో బొహాండీ బృందం 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిచ్చే ఎక్సైమర్ లేజర్‌తో రాగి పొరను సిలికాన్ మీదికి గీతలుగా బదిలీ చేసి చూపించింది. అదే ఏడాది జపాన్‌లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ పరిశోధకులు పాలీథయోఫీన్ అనే పాలిమర్‌తో ట్రాన్సిస్టర్ పనిచేస్తుందని నిరూపించారు. ముద్రించే సాధనమూ, ముద్రించదగిన సెమీకండక్టరూ ఒకే ఏడాది సిద్ధమైనా, ఆ రెండూ కలవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఆ జాప్యానికి కారణమే ఈ రంగంలోని అసలు చిక్కు. లోహం కరిగి, ఎగిరి, చల్లారి గట్టిపడినా విద్యుత్తును మోస్తూనే ఉంటుంది. దాని నిరోధం కొంత పెరగవచ్చు గానీ పని ఆగదు. సెమీకండక్టర్ పనితీరు మాత్రం అణువుల అమరిక మీద, పొర అడుగున ఉన్న ఇన్సులేటర్‌తో అది కలిసే సరిహద్దు మీద ఆధారపడి ఉంటుంది. ఎగిరే క్షణంలో ఆ అమరిక చెదిరినా, పొరకూ పలకకూ మధ్య గాలి చిక్కినా, అతినీలలోహిత కాంతికి పాలిమర్ గొలుసులు తెగినా, కంటికి చక్కగా అచ్చుపడిన ట్రాన్సిస్టర్ కొలతల్లో మాత్రం విఫలమవుతుంది.

దీనికి విరుగుడుగా పరిశోధకులు లేజర్ శక్తిని తాను పీల్చుకుని, పై పొరను కాపాడే త్యాగపు పొరను మధ్యలో చేర్చారు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్, ఎంపా సంస్థల పరిశోధకులు అతినీలలోహిత కాంతికి విచ్ఛిన్నమై నైట్రోజన్ వాయువును వదిలే ట్రయజీన్ పాలిమర్‌ను ఇందుకు వాడి, 2007లో ఆర్గానిక్ ఎల్‌ఈడీ పిక్సెళ్లను ముద్రించారు. ఆ వాయువు తోపుడే పిక్సెల్‌ను ఎదుటి పలకకు చేరుస్తుంది. 2009లో ఫ్రాన్స్‌లోని మార్సే పరిశోధకులు కాపర్ థాలోసయనిన్ అనే ఆర్గానిక్ సెమీకండక్టర్‌ను పికోసెకండ్ లేజర్‌తో ముద్రించి ఆర్గానిక్ ట్రాన్సిస్టర్లు తయారుచేశారు. 2010లో యూరోపియన్ యూనియన్ నిధులతో ఈ-లిఫ్ట్ ప్రాజెక్టు మొదలైంది. బార్సిలోనా, ఏథెన్స్, మార్సే నగరాల్లో ఈ పద్ధతిపై ఏళ్ల తరబడి పనిచేస్తున్న బృందాలున్నాయి. అమెరికాలో 1990ల చివరి నుంచే నావల్ రీసెర్చ్ లేబొరేటరీ ముందుంది. అయితే అది రక్షణ శాఖ ప్రయోగశాల కనుక మన విద్యార్థులకు సులువైన దారి కాదు.

మరో పాయ సిలికాన్ వైపు నుంచి వచ్చింది. గాజు మీద పరచిన, అణువుల అమరికలో క్రమం లేని అమార్ఫస్ సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు మందకొడిగా కదులుతాయి. 308 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ పల్స్‌తో ఆ పొరను కరిగించి స్ఫటికంగా మారిస్తే వాటి చలనశీలత వంద రెట్ల స్థాయిలో పెరుగుతుంది. పల్స్ కొన్ని పదుల నానోసెకన్లే ఉంటుంది కాబట్టి అడుగున ఉన్న గాజు వేడెక్కదు. నేటి అనేక ఫోన్ తెరల వెనుక ఉన్నది ఈ ప్రక్రియే. వేడికి తాళలేని ప్లాస్టిక్ మీద కూడా సెమీకండక్టర్‌ను బాగుచేయవచ్చన్న ఆశ ఇక్కడి నుంచే పుట్టింది. ముద్రించిన తర్వాత రెండో లేజర్‌తో పొరను సరిదిద్దడం ఇప్పుడు అనేక పరిశోధనాంశాల్లో కనిపిస్తుంది.

పరిశ్రమను నిజంగా కదిలించినది మాత్రం మైక్రో ఎల్‌ఈడీ, అంటే తెర మీద ఒక్కో చుక్కగా వెలిగే అతి చిన్న ఎల్‌ఈడీ. 4కె తెరకు 3,840 నిలువు వరుసలు, 2,160 అడ్డ వరుసలు, ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు కలిపి సుమారు 2.49 కోట్ల చిన్న చిప్‌లను సరైన చోట అమర్చాలి. అందులో 99.99 శాతం సరిగా అమరినా రెండున్నర వేల చుక్కలు చెడిపోయినట్టే. ఒక్కొక్కటిగా యంత్రపు చేతితో పెట్టడం సాధ్యం కాదు గనుక, నీలమణి పలక మీద పెరిగిన గాలియం నైట్రైడ్ అనే ఎల్‌ఈడీ పదార్థాన్ని లేజర్‌తో విడదీసే 1990ల నాటి పద్ధతినీ లిఫ్ట్‌నూ కలిపి పరికరాల కంపెనీలు యంత్రాలు రూపొందిస్తున్నాయి. దీని వల్ల నానోమీటర్ చిప్‌ల తయారీ మారిపోతుందని కొందరు చెప్పేది అతిశయోక్తి. లిఫ్ట్ గీతలు సాధారణంగా కొన్ని మైక్రాన్ల నుంచి పదుల మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. దీని చోటు తెరలు, సెన్సర్లు, వంగే పరికరాలే.

అవకాశాల విషయానికి వస్తే, యూరప్‌లో యూరోపియన్ యూనియన్ నిధులతో పీహెచ్‌డీ స్థానాలిచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు ఏ దేశస్థులనైనా తీసుకుంటాయి. గత 36 నెలల్లో, చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదన్న నిబంధన భారతీయ విద్యార్థులకు చాలావరకు అనుకూలమే. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ ఇచ్చే స్కాలర్‌షిప్‌లు 2021 నుంచి విదేశీయులకూ తెరుచుకున్నాయి గానీ వారి వాటా 30 శాతానికి పరిమితం. మన దేశంలో 2021 డిసెంబరులో ప్రకటించిన 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ కార్యక్రమం ప్రధానంగా కర్మాగారాల కోసం ఉద్దేశించినది. పరిశోధన వైపు చూస్తే ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పదార్థ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో లేజర్ ప్రాసెసింగ్ విభాగం ఉన్నా దాని మొగ్గు ఎక్కువగా లోహాల వైపు. నెట్ పరీక్ష ద్వారా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి.

ఏ ప్రయోగశాలను ఎంచుకున్నా, వారి ఇటీవలి పత్రాల్లో లేజర్‌తో ముద్రించిన ట్రాన్సిస్టర్ చలనశీలతను, అదే పదార్థంతో మామూలు పద్ధతిలో చేసిన ట్రాన్సిస్టర్‌తో పోల్చి చూపారా లేదా అన్నది అభ్యర్థి గమనించాలి. మైక్రోస్కోప్ చిత్రాలతోనే ఆగిపోయే పత్రాలు ఎక్కువగా ఉంటే, అక్కడ లేజర్ ఉంది గానీ పరికరాన్ని కొలిచే వసతి గానీ ఆసక్తి గానీ తక్కువని అర్థం చేసుకోవచ్చు.