పొగ మానమన్నారు సరే, సాయమేదీ?

"మానాలనే ఉంది, నా వల్ల కావట్లేదు." పొగతాగే మగవాళ్లను కదిలిస్తే చాలామంది అనే మాట ఇదే. 2016-17 జాతీయ పొగాకు సర్వేలోనూ పొగతాగేవాళ్లలో సగానికి పైగా మానే ఆలోచన ఉందన్నారు. 2009-10లో మగవాళ్లలో 24.3 శాతం మంది తాగేవారు, ఈ సర్వే నాటికి 19 శాతానికి దిగారు.

మన దగ్గర పొగాకంటే బతుకుతెరువు కూడా. గోదావరి లంకల్లో చుట్ట పొగాకు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వర్జీనియా, నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇళ్లలో ఆడవాళ్లు చుట్టే బీడీలు, హైదరాబాద్ ఆజామాబాద్‌లో చార్మినార్ సిగరెట్లు. పంటను చూసుకోవడానికి 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది.

తాగేవాడికి దక్కింది మాత్రం హెచ్చరికే. 1975 చట్టంతో సిగరెట్ పెట్టెల మీద 'ఆరోగ్యానికి హానికరం' అని అచ్చువేశారు. బీడీకి, చుట్టకి అది వర్తించలేదు. అంటే కూలీనాలీ చేసుకునేవాడికి ఆ పాటి హెచ్చరిక కూడా లేదు. అన్ని రకాల పొగాకునూ కలిపి చట్టం తెచ్చింది 2003లో. బొమ్మల హెచ్చరికలు 2009లో వచ్చాయి. మాన్పించే క్లినిక్‌లు 2002లో మొదలయ్యాయి, అదీ దేశం మొత్తానికి 13.

అందుకే మానడమంటే మనవాళ్లకు ఒట్టు, దీక్ష. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్ ముట్టనివాళ్లు ఊరూరా ఉన్నారు. మాల తీసిన వారానికే కొందరు మళ్లీ మొదలెడతారు. దాన్ని బలహీనత అనడం అన్యాయం. మాలలో ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున చన్నీటి స్నానం, పూజ, చుట్టూ తోటి స్వాములు, ఇంట్లోవాళ్ల గౌరవం ఉంటాయి. మాల తీశాక అవేవీ ఉండవు. ఆఫీసు టెన్షన్, టీకొట్టు దగ్గర పాత స్నేహితులు మళ్లీ ఎదురవుతారు. నికోటిన్ లేకపోతే వచ్చే చిరాకు, నిద్రపట్టకపోవడం మొదటి రోజుల్లోనే ఎక్కువని, దానికి నికోటిన్ గమ్ లాంటి మందులున్నాయని చెప్పేవాళ్లూ తక్కువే.

2018 నుంచి పెట్టెల మీద ఉచిత సహాయ నంబరు 1800-11-2356 ముద్రిస్తున్నారు. మంచి పనే. కానీ కిళ్లీ కొట్టులో లూజుగా ఒక్క సిగరెట్ కొనుక్కుని, అక్కడే వేలాడే తాడు నిప్పుతో అంటించుకునేవాడి చేతికి ఆ పెట్టె రాదు. లూజు అమ్మకాలు ఆపకుండా ఆ నంబరు అతనికి చేరడం కష్టం.