స్కెచప్‌లో గోడను కోస్తే దాని సమాచారం ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

స్కెచప్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన బిమ్ మోడల్ (భాగాల వివరాలు కూడా ఉండే భవన నమూనా) అప్పగించిన రెండో రోజు, పరిమాణాలు లెక్కకట్టే క్వాంటిటీ సర్వేయర్ ఫోను చేశారు. "మీ మోడల్‌లో నాలుగు గోడలు తక్కువ వస్తున్నాయండీ" అన్నారు. తెరిచి చూస్తే నాలుగూ ఉన్నాయి. పైపుల కోసం పెట్టిన రంధ్రాలు కూడా కొలత తప్పకుండా ఉన్నాయి. అయితే ఆయన లెక్క కట్టేది బొమ్మను చూసి కాదు, జాబితాను చూసి. ఆ జాబితాలో అవి గోడలు కావు. ఒక ఆకారంతో మరొకదాన్ని కోసే సబ్‌ట్రాక్ట్ టూల్‌తో రంధ్రాలు పెట్టింది నేనే. అందుకే మా బృందంలో కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే ఈ సంగతులు చెబుతాను.

అపోహ: ఆకారం సరిగ్గా ఉంటే సమాచారమూ ఉన్నట్టే.

వాస్తవం: స్కెచప్‌లో ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు భవన సమాచారాన్ని పంచుకునే ప్రామాణిక రూపం) వర్గం, ధర వంటి వివరాలు గోడ ముఖాలకో అంచులకో అంటుకుని ఉండవు. వాటిని చుట్టి ఉంచిన కాంపోనెంట్‌లో ఉంటాయి. సబ్‌ట్రాక్ట్ వంటి సాలిడ్ టూల్స్ ఆ చుట్టును తీసేసి, ఫలితాన్ని ఆ వివరాలేవీ లేని కొత్త గ్రూప్‌లో పెడతాయి. మీరే ఒకసారి చూడండి. కోయకముందు ఎంటిటీ ఇన్ఫో ప్యానెల్‌లో గోడ కాంపోనెంట్‌గా కనిపిస్తుంది. కోశాక అది ఒక సాలిడ్ గ్రూప్, పేరు "డిఫరెన్స్". ఘనపరిమాణం మాత్రం కచ్చితంగా చూపిస్తుంది. మనం మోసపోయేది ఆ అంకెను చూసే.

అపోహ: ముందు ఎంచుకున్నదాని వివరాలు మిగులుతాయి.

వాస్తవం: మిగలవు. సబ్‌ట్రాక్ట్‌లో ముందు ఎంచుకున్నది కత్తి, తర్వాతది కోతకు గురయ్యేది. ఆ వరుసతో తేలేది అంతే.

అపోహ: పోతే పోయింది, మళ్లీ వర్గీకరిస్తే సరిపోతుంది.

వాస్తవం: "గోడ" అన్న ముద్ర తిరిగి వస్తుంది, అంతకుముందు నింపిన విలువలు రావు. అంతకంటే పెద్ద నష్టం గుర్తింపుది. ఐఎఫ్‌సీలో ప్రతి భాగానికీ 22 అక్షరాల గ్లోబల్ ఐడీ ఉంటుంది. బీసీఎఫ్ అనే ఫైలు రూపంలో వచ్చే సమీక్ష వ్యాఖ్యలు భాగాన్ని పట్టుకునేది దాని ఆధారంగానే. కొత్త ఐడీ వస్తే పాత గోడ మీద రాసిన వ్యాఖ్యలకు ఆధారం పోతుంది. ఎస్టిమేటర్‌కు ఒక గోడ కూల్చి మరొకటి కట్టినట్టు కనిపిస్తుంది. వారాల తరబడి పదిమంది చేసిన సమన్వయం ఒక్క క్లిక్కుతో చెదిరిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అపోహ: అయితే సాలిడ్ టూల్స్ జోలికే వెళ్లకూడదు.

వాస్తవం: వెళ్లవచ్చు, కానీ చుట్టు లోపల వాడాలి. నేను చేసే పద్ధతి ఇది. అదే గోడ ఇంకా చాలాచోట్ల ఉంటే ముందు మేక్ యూనిక్‌తో దీన్ని మిగతా కాపీల నుంచి వేరు చేస్తాను, లేకపోతే అన్నిటికీ రంధ్రం పడుతుంది. కోసే ఘనాన్ని కాపీ చేసి, గోడ మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళతాను. లోపలి జ్యామితిని మొత్తం ఎంచుకుని గ్రూప్ చేసి, ఘనాన్ని పేస్ట్ ఇన్ ప్లేస్‌తో అదే చోటికి తెస్తాను. అక్కడే సబ్‌ట్రాక్ట్. వచ్చిన లోపలి గ్రూప్‌ను ఎక్స్‌ప్లోడ్ చేసి, అంటే దాని చుట్టు విప్పి, బయటికి వస్తాను. బయటి కాంపోనెంట్ కదలలేదు కాబట్టి దాని వివరాలు దానికే ఉంటాయి. పొరపాటున బయటిదాన్ని ఎక్స్‌ప్లోడ్ చేస్తే మాత్రం వెంటనే అన్‌డూ చేయాలి. రోజూ ఈ పని ఉండేవారికి ఎనెరాత్ సాలిడ్ టూల్స్ ఎక్స్‌టెన్షన్ మేలు. చుట్టునూ వివరాలనూ కాపాడేలా తయారైనదది.

ఎగుమతికి ముందు అవుట్‌లైనర్‌లో (మోడల్‌లోని భాగాల జాబితాలో) "డిఫరెన్స్", "యూనియన్" అని సాలిడ్ టూల్స్ పెట్టే పేర్లను వెతుకుతాను. ఒక్కటి తగిలినా ఆ పూట ఫైలు పంపను.