గిటారును కాళ్ళతో ఎందుకు తొక్కుతారు?

చిట్టికీ, చిన్నోడికీ తాత ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేం బాగున్నాం. నల్లగొండలో రెండు రోజులుగా ముసురు వదలడం లేదు. అవ్వ మక్కగారెలు చేసింది. మీ వాటా కూడా నేనే తిన్నాను, మీ అమ్మకు చెప్పకండి.

మొన్న ఫోన్‌లో నా బల్ల మీదున్న వస్తువును చూసి చిన్నోడు "తాతా, అది గిటారా, కుట్టుమిషనా? దానికి కాళ్ళెందుకు?" అన్నాడు. "పాతదాన్ని ఇన్ని రోజులు విప్పే బదులు కొత్తది కొనొచ్చు కదా" అని చిట్టి అందుకుంది. నేను నోరు తెరిచేలోపు ఇక్కడ కరెంటు పోయింది. అందుకే ఈ ఉత్తరం.

దాని పేరు పెడల్ స్టీల్ గిటారు. మీ పెద్దమామ అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. అక్కడ నేర్చుకునే పిల్లల కోసం 1970లలో చేసిన రకం. పది తీగలు, మూడు పెడళ్ళు, మోకాలితో నెట్టే లీవరు ఒకే ఒక్కటి. పెద్ద వాద్యాల్లో లీవర్లు నాలుగైదు ఉంటాయి.

దీన్ని ఒళ్ళో పెట్టుకోరు, బల్లలాగా ముందు నిలబెట్టి వాయిస్తారు. ఎడమచేత్తో ఒక స్టీలు కడ్డీని తీగల మీద జరుపుతారు. మన గోట్టువాద్యంలో నున్నటి కొయ్యదిమ్మెను జరుపుతారే, అలాగన్నమాట. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకూకు అనే కుర్రవాడు గిటారు మీద ఇనుప ముక్క జరిపి చూశాడు, ఆ పద్ధతి అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. నా చిన్నప్పుడు మన రేడియోలో కూడా ఈ స్టీల్ గిటారు మీద సినిమా పాటల వరుసలు వచ్చేవి. మాట లేదు, పాడే మనిషి లేడు, అయినా ఎవరో పాడుతున్నట్టే ఉండేది.

అయితే కడ్డీతో ఒక చిక్కుంది. అది తిన్నగా ఉంటుంది, జరిపితే దాని కింది తీగలన్నీ కలిసి జరుగుతాయి. రెండు తీగలు కదలాలి, మూడోది ఉన్నచోటే ఉండాలి అంటే చేతివల్ల కాదు. కాళ్ళు వచ్చింది అందుకే.

మా బాపు నేత నేసేవాడని మీకు తెలుసు కదా. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాం. ఒక చెక్క తొక్కితే పడుగు పోగుల్లో సగం పైకి లేస్తాయి, సగం ఉన్నచోటే ఉంటాయి. ఆ సందులోంచి అడ్డపోగును మోసుకెళ్ళే నాడె దూరిపోతుంది. ఇంకో చెక్క తొక్కితే ఆ సగం దిగి ఈ సగం లేస్తుంది. ఈ గిటారు కూడా అంతే. ఒకటో పెడల్ తొక్కితే అయిదో తీగ, పదో తీగ స్వరంలో రెండు మెట్లు పైకి పోతాయి. మెట్టంటే పక్కనున్న స్వరస్థానం. రెండోది తొక్కితే మూడో తీగ, ఆరో తీగ ఒక మెట్టు. మిగతావి కిమ్మనవు. రెండూ కలిపి తొక్కితే కడ్డీ కదలకుండానే షడ్జమం మీదున్న స్వరాల గుంపు మధ్యమం మీదికి పోతుంది.

మగ్గంలో పోగు లేస్తుంది, ఇక్కడ తీగ లేవదు, బిగుసుకుంటుంది కదా అని చిట్టి అంటుంది. నిజమే. పోలిక అక్కడ కొంచెం చినిగింది. అతుకేసుకుని ముందుకు పోదాం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బాపు అన్నానికి లేస్తే నేను మగ్గం ఎక్కాను. తొక్కాల్సిన కాలు వదిలి రెండో కాలు తొక్కాను. నాలుగు వేళ్ళ మేర నేసి, మహా గొప్పగా దిగాను. బాపు వచ్చి చూశాడు. కొట్టలేదు. నేసినంతా పోగు పోగుగా విప్పించాడు, నాతోనే. నేయడానికి పావుగంట, విప్పడానికి పొద్దుగుంకేదాకా. విప్పేటప్పుడే ఏ పోగు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిసింది. పాత వస్తువు చేతికొస్తే ముందు విప్పుతాను, తర్వాతే మారుస్తాను. అదే అలవాటు ఉండిపోయింది.

గిటారు విప్పితే, తీగలను లాగే పలకల మధ్య పాత నూనె బంకలాగా గట్టిపడి ఉంది. పెడల్ వదిలినా తీగ పూర్తిగా వెనక్కి రావడం లేదు. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్, నాలుగు సాయంత్రాలు. సగం జబ్బు దాంతోనే పోయింది.

రెండో జబ్బు మూడో తీగ. అది అన్నిటికన్నా సన్నం, 0.28 మిల్లీమీటర్లు. వారానికొకటి తెగేది. తీగ వంగే పలక నెత్తిమీద ఏళ్ళతరబడి ఒరిసి చిన్న గాడి పడింది, పెడల్ తొక్కినప్పుడల్లా ఆ గాడే కోస్తోంది. జీరో నంబరు ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దాను. ఇప్పుడు తెగడం లేదు.

తీగల మోతను కరెంటుగా మార్చే పికప్‌ను మార్చమని మీ మామ పోరుపెట్టాడు. నేను నలభై ఏళ్ళు బోరు మోటార్లు చుట్టినవాణ్ణి, పికప్ కూడా అయస్కాంతం చుట్టూ వైరు చుట్టే కదా. మీటరు పెట్టి చూశాను. చుట్ట బతికే ఉంది. దాని జోలికి పోలేదు.

షారాజీపేట చింతకింది మల్లేశం సంగతి చిట్టి బడిలో విన్నానంది. నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడంలో వాళ్ళమ్మకు భుజం నొప్పి పుట్టేది. ఆయన ఆ పనికే మిషన్ చేశాడు. మగ్గాన్ని మార్చలేదు, నొప్పున్న చోటే మార్చాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను కూడా ఈ గిటారులో నొప్పి ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఉన్న ఒక్క లీవరు నాలుగు, ఎనిమిది తీగలను ఒక మెట్టు దించుతుంది. రెండో తీగ కూడా దిగితే బాగుండునని ప్రతి పాటలోనూ చెయ్యి అడిగేది. కాబట్టి ఇంకో లీవరు.

లోపల లీవరునూ తీగను లాగే పలకనూ కలిపే కడ్డీ కావాలి. సైకిల్ స్పోకు పెట్టి చూశాను, పొట్టిదైంది. వెల్డింగ్ షాపులో 2.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఫిల్లర్ రాడ్ మీటరు పొడవుది దొరికింది, చక్కగా సరిపోయింది. కడ్డీని లాగే చిన్న తునకలను లేతు దగ్గర అల్యూమినియంతో చేయించాను. కడ్డీని లీవరుతో తిరిగే ఇరుసుకు దూరంగా కడితే తీగ ఎక్కువ సాగుతుంది, కానీ మోకాలికి బరువు. దగ్గరగా కడితే హాయి, కానీ స్వరం అందదు. మూడు రోజులు బెజ్జాలు మార్చి మార్చి చూశాను.

నాలుగో తీగను ఒక మెట్టు పైకి లాగే లీవరు కూడా పెడదామనుకున్నాను. కుదరలేదు. పైకి లాగడానికి ఆ పలకలో ఒకటే బెజ్జం ఉంది, మూడో పెడల్ దాన్ని ఎప్పుడో ఆక్రమించుకుంది. పలకలన్నీ కొత్తవి వేయిస్తే కుదురుతుంది, అప్పుడది వేరే గిటారు అవుతుంది. వదిలేశాను. పీకిన ప్రతి స్క్రూ హార్లిక్స్ సీసాలో ఉంది, రేపెవరైనా మళ్ళీ మొదట్లాగా చేసుకోవచ్చు.

ఇక తీగ బిగుస్తుంటే మనసు ఎందుకు అట్లా అవుతుందంటే, అది నాకు చెప్పడం రాదు. 1954లో అమెరికాలో బడ్ ఐజక్స్ అనే ఆయన వాయించిన ఒక రికార్డు జనంలోకి వచ్చింది. తీగ మోగుతుండగానే ఆయన పెడల్ తొక్కాడు. విన్నవాళ్ళు తమ గిటార్లకు పెడళ్ళు బిగించుకోవడానికి పరుగెత్తారట. నేనూ మొన్న రాత్రి అట్లాగే తొక్కుతూ కూర్చున్నాను. అవ్వ వంటింట్లోంచి వచ్చి "ఎవరు ఏడుస్తున్నారు?" అంది.

దసరాకు వస్తారు కదా. నేను వాయిస్తుంటే చిన్నోడు గిటారు కింద వెల్లకిలా పడుకోవాలి, చిట్టి టార్చి పట్టాలి. ఏ పెడల్‌కు ఏ కడ్డీ కదులుతుందో మీరే చూసి నాకు చెప్పండి. టార్చి మీరే తెచ్చుకోండి, మా దాంట్లో సెల్లు లేవు.

మీ తాత