కాల విలోమానికి ట్రేస్ ఎందుకు ఉండదు?

అయస్కాంత స్ఫటికాల బ్యాండ్ల (ఎలక్ట్రాన్లకు వీలున్న శక్తి స్థాయిల) సౌష్ఠవం చూసే మ్యాగ్‌వాస్ప్2ట్రేస్ లాంటి ప్రోగ్రాములు ప్రతి భ్రమణానికీ, ప్రతి అద్దానికీ ఒక ట్రేస్ (ఆ క్రియ మాత్రికలో వికర్ణం మీది సంఖ్యల మొత్తం) రాసిపెడతాయి. స్ఫటికాన్ని మార్చని ఇలాంటి క్రియలన్నీ కలిస్తే దాని గ్రూపు. కాల విలోమం (కాలాన్ని వెనక్కి తిప్పడం, దాంతో స్పిన్‌లు తిరగబడతాయి) కలిసిన క్రియల దగ్గర మాత్రం ఏమీ ఉండదు. "గ్రూపులో సగం ఎటుపోయింది సార్?" అని మహబూబ్‌నగర్ నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మన క్లాసుల్లో గ్రూప్ థియరీ అంటే అమ్మోనియా కేరక్టర్ టేబుల్ బట్టీ కొట్టడం దగ్గరే ఆగిపోతుంది. ఈ సంగతి అక్కడిదాకా రాదు.

పాత నల్లగొండ జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు తెలుసు కదా: చతురస్రం, ఎరుపు, నలుపు, తెలుపు. ఎరుపు గడి పైకి చూసే స్పిన్, నలుపు కిందికి చూసేది, తెలుపు అయస్కాంతత్వం లేని పరమాణువు అనుకోండి. అర చుట్టు తిప్పితే డిజైన్ మళ్లీ అదే. పావు చుట్టు తిప్పితే గళ్లు కుదురుతాయి గానీ ఎరుపున్న చోట నలుపు, నలుపున్న చోట ఎరుపు వస్తాయి. రెండు రంగులనూ అటుదిటు చేస్తే మళ్లీ మొదటి రుమాలే. ఆ రంగుల మార్పిడే కాల విలోమం. తిప్పకుండా కొంత దూరం జరిపి రంగు మారిస్తే కుదిరే డిజైన్లూ ఉంటాయి. అవన్నీ లెక్కలోకి తీసుకుంటే స్ఫటికాల 230 సౌష్ఠవ గ్రూపులు (స్పేస్ గ్రూపులు) 1651 అవుతాయి: రంగు మార్పిడే లేనివి 230, అయస్కాంత క్రమం లేని స్ఫటికాలవి 230, తిప్పి లేదా అద్దంలో చూసి రంగు మార్చేవి 674, జరిపి మార్చేవి 517.

రుమాలు ఇంతవరకే పనికొస్తుంది. దాన్ని పూర్తి చుట్టు తిప్పితే ఏమీ కాదు. ఎలక్ట్రాన్ స్పిన్‌ను 360 డిగ్రీలు తిప్పితే తరంగ ఫలనానికి మైనస్ గుర్తు తగులుతుంది. ఇక ముందు లెక్కంతా ఆ మైనస్‌దే.

ట్రేస్ లెక్క ఇలా సాగుతుంది. సమతల తరంగాల గుణకాలను తిప్పి, స్పిన్ తాలూకు 2×2 మాత్రికతో గుణించి, అసలు ఫలనంతో అతివ్యాప్తి తీసి, ఒకే శక్తి ఉన్న బ్యాండ్లన్నిటికీ కలపాలి. ఇప్పుడు ఆ ఫలనం దశను థీటా కోణం మార్చండి. భౌతికంగా ఏమీ మారలేదు. భ్రమణం ట్రేస్‌లో కూడా థీటా కొట్టేసుకుపోతుంది. కానీ కాల విలోమం సంకీర్ణ సంఖ్యల్లో కల్పిత భాగం గుర్తు తిప్పుతుంది గనుక, అక్కడ మైనస్ రెండు థీటా మిగిలిపోతుంది. అంటే కంప్యూటర్ ఏ దశతో ఫలనాన్ని రాసిందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. అలాంటి సంఖ్యను పట్టికలో వేయడం కంటే వదిలేయడమే నయం.

అయితే కాల విలోమం కలిసిన క్రియను రెండుసార్లు చేస్తే, వర్గం మామూలు క్రియే అవుతుంది. దానికి ట్రేస్ ఉంటుంది. అలాంటి వర్గాల ట్రేసులన్నీ కూడటమే, బ్యాండ్లు జంట కడతాయో లేదో చెప్పే విగ్నర్ పరీక్ష. కేంద్ర విలోమంతో (ప్రతి బిందువునూ కేంద్రానికి అవతలి వైపు పంపే క్రియతో) కలిసిన కాల విలోమం తీసుకోండి: వర్గం మైనస్ ఒకటి. కాబట్టి బ్రిల్లువా జోన్‌లో (ఎలక్ట్రాన్ తరంగ సదిశలుండే ప్రాంతంలో) ఎక్కడ చూసినా ప్రతి బ్యాండూ జంటే, అంటే ఒకే శక్తితో రెండు. అర చుట్టుతో కలిపితే భ్రమణం వర్గం మైనస్ ఒకటి, కాల విలోమం వర్గం మైనస్ ఒకటి. లబ్ధం ప్లస్ ఒకటి, కొత్త జంట ఏదీ పుట్టదు. ఇక మన రుమాలు. పావు చుట్టు వర్గం, ముప్పావు చుట్టు వర్గం రెండూ అర చుట్టే, కానీ ఎదురెదురు గుర్తులతో, మొత్తం సున్నా. అప్పుడు జోన్ కేంద్రంలో అర చుట్టు ట్రేస్ ప్లస్ ఐ ఉన్న బ్యాండు, మైనస్ ఐ ఉన్న బ్యాండు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మామూలు పట్టికలో ఆ రెండూ సంబంధం లేని ఇర్రెప్‌లు (సౌష్ఠవ రకాలు).

తప్పులు ఎక్కువగా ఇన్‌పుట్‌లోనే జరుగుతాయి. బ్యాండ్లు లెక్కించే వాస్ప్ ప్రోగ్రాంలో స్పిన్-ఆర్బిట్ ప్రభావం పెట్టినప్పుడు, మ్యాగ్‌మామ్‌కు (తొలి అయస్కాంత మూమెంట్లు ఇచ్చే పంక్తికి) ఒక్కో పరమాణువుకు మూడేసి సంఖ్యలివ్వాలి. లెక్క ముగిశాక అవుట్‌కార్ అనే ఫలితాల ఫైల్లో మూమెంట్లు అదే దిశలో నిలిచాయో లేదో చూడాలి. పక్కకు ఒరిగితే గ్రూపు వేరు, పట్టిక వేరు. న్యూట్రాన్ డిఫ్రాక్షన్ చెప్పిన నిర్మాణం ఏ ఉష్ణోగ్రత దగ్గరిదో కూడా ముఖ్యం. మాంగనీస్ టెల్యురైడ్ అయస్కాంత క్రమం సుమారు 307 కెల్విన్ దగ్గర, అంటే 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెదిరిపోతుంది. నల్లగొండ మే ఎండలో దానికి ఆ గ్రూపే వర్తించదు. స్ఫటిక సౌష్ఠవ పట్టికలుండే బిల్బావో సర్వర్ పట్టికతో పోల్చేముందు మూలబిందువు, అక్షాలు వాళ్ల సెట్టింగ్‌లోకి మార్చాలి. జరిపి రంగు మార్చే రకమైతే అయస్కాంత సెల్ రసాయన సెల్ కంటే పెద్దదన్నది మరవకూడదు.

ట్రేసులను ఇర్రెప్‌లుగా విడగొడితే 0.5 లాంటి భిన్నాలు వచ్చాయంటే ముందు చివరి బ్యాండ్లు చూడండి. జంటలో ఒకటే లెక్కలోకి వచ్చి రెండోది కోతపడితే అలాగే అవుతుంది. బ్యాండ్ల సంఖ్య కొన్ని పెంచితే సరిపోతుంది. భిన్నాలు మధ్యలో కనిపిస్తే శక్తి తేడాకు పెట్టిన హద్దు మరీ చిన్నదై ఉంటుంది: నిజమైన జంట సంఖ్యాదోషంతో కొద్దిగా విడిపోయి, రెండు వేర్వేరు స్థాయిలుగా లెక్కకొస్తుంది. హద్దును కొంచెం పెంచండి. మరీ పెంచితే నిజంగా వేరైన బ్యాండ్లూ ఒకే గుంపులో పడి, మొత్తాలు పూర్ణాంకాలుగానే వస్తాయి గనుక ఆ తప్పు కనిపెట్టడం ఇంకా కష్టం.