లేత రంగుల అతుకుల బొంత: అపోహలు – వాస్తవాలు

సంకీర్ణ ప్రభుత్వాన్ని తిట్టాలంటే పేపర్లలో "అతుకుల బొంత" అని రాస్తారు. అది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పద్నాలుగేళ్ళుగా బొంతలు కుడుతున్నాను. అతుకు దగ్గర గుడ్డ మడిచి ఉంటుంది కాబట్టి అక్కడే బలం ఎక్కువ. బాగుచేయమని నా దగ్గరికి వచ్చే బొంతల్లో చిరుగు చాలావరకు ముక్క నడిమధ్యే ఉంటుంది, అతుకు దగ్గర కాదు. బొంత గురించి ఇలాంటి తప్పుడు మాటలు చాలానే ఉన్నాయి. ముఖ్యంగా లేత రంగుల బొంత గురించి.

అపోహ: వెలిసిన చీరలతో కుడితే బొంత కూడా వెలిసినట్టే ఉంటుంది

పోయిన చలికాలంలో ఒకావిడ వాళ్ళమ్మ కట్టుకున్న నాలుగు నూలు చీరలు తెచ్చారు. ఒకటి గంధం రంగు, ఒకటి లేత పిస్తా, ఒకటి పావురం మెడ లాంటి బూడిద రంగు. నాలుగోది ఒకప్పుడు వంకాయ రంగు, ఉతికి ఉతికి పొగ పట్టినట్టు తయారైంది. "అన్నీ డల్‌గా ఉన్నాయి కదండీ, మధ్యలో ఒక ఎర్రది వేద్దామా?" అని అడిగారు. వద్దమ్మా అన్నాను. ఎర్రది వేస్తే చూపు దాని మీదకే పోతుంది, అమ్మ చీరలు నాలుగూ వెనక్కి వెళ్ళిపోతాయి.

చీరలు నేల మీద పక్కపక్కన పరిచి ఫోన్లో ఫోటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూపించాను. గంధం, పిస్తా రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. మామూలు కంటికి రెండూ వేరే రంగులే. కానీ ముదురు, లేత లెక్కలో రెండూ ఒకటే. ఆ రెంటినీ పక్కపక్కన కుడితే నాలుగడుగుల దూరం నుంచి అతుకు కనబడదు, గుడ్డ మీద మరకలా ఉంటుంది. వాటి మధ్య పావురం రంగు ముక్క పెట్టగానే రెండూ విడివిడిగా తేలాయి. బొంత డల్‌గా కనిపించేది రంగు తక్కువై కాదు, ముదురు–లేత తేడా లేక. పది ముక్కల్లో ఆరు లేతవి, మూడు మధ్యరకం, ఒకటి ముదురుది, ఇది నేను పాటించే లెక్క. ఆ ముదురుది నలుపో ఎరుపో కానక్కర్లేదు. ఆవిడ బొంతలో ఆ పని వెలిసిన వంకాయ రంగే చేసింది.

తెలుపు వాడాలనుకుంటే మల్లెపువ్వు లాంటి తెలుపు వద్దు. లేత రంగుల మధ్య అది కంట్లో పొడుస్తుంది. కోరా గుడ్డ, అంటే బ్లీచ్ చేయని నూలు గుడ్డ, పాలమీగడ రంగులో ఒదిగిపోతుంది.

వెలిసిన గుడ్డకు విలువ లేదనుకునేవాళ్ళకు అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరి సంగతి చెబుతుంటాను. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని మాసిన, వెలిసిన జీన్స్ ప్యాంట్లూ చొక్కాలూ కత్తిరించి బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్‌లోని కళా మ్యూజియంలో వాటితో ప్రదర్శన పెట్టారు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది. చలికి కప్పుకోవడానికి కుట్టుకున్న బొంతలవి.

అపోహ: ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు పోదు

ఇది ప్రతి ఇంట్లో వినే మాట. మా అమ్మ కూడా అదే చెప్పేది. నేను నమ్మాను. బొంతలు మొదలుపెట్టిన రెండో ఏడాది, ఇటుక రంగు బ్లౌజ్ పీసును రాత్రంతా ఉప్పు నీళ్ళలో నానబెట్టి, మీగడ రంగు ముక్కల పక్కన కుట్టాను. మొదటి ఉతుకులోనే చుట్టూ ఉన్న ఎనిమిది ముక్కలకు గులాబీ మచ్చలు పడ్డాయి. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

నూలు గుడ్డకు రియాక్టివ్ రంగులు (నూలు పోగును గట్టిగా పట్టుకునే రకం రంగులు) వేసేటప్పుడు అద్దకం తొట్టిలో ఉప్పు వేస్తారు. అది నీళ్ళలో ఉన్న రంగును గుడ్డ వైపు తోస్తుంది. రంగును గుడ్డకు పట్టించి నిలిపేది బట్టల సోడా. అద్దకం అయిపోయాక గుడ్డను పట్టుకోకుండా పైపైన మిగిలిపోయిన రంగును ఇంట్లో ఉప్పు ఆపలేదు. వెనిగర్ సంగతీ అంతే. పట్టుకూ ఉన్నికీ వేసే కొన్ని రంగులకు దానితో పనుంది గానీ నూలుకు కాదు. మిగులు రంగును వదిలించడమే దారి. నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు, అవసరమైతే ఐదారు సార్లు ఉతకాలి. ఆ తర్వాత తెల్ల గుడ్డ ముక్క తడిపి, అనుమానం ఉన్న గుడ్డ మీద వేసి ఇస్త్రీపెట్టెతో అదమండి. తెల్లదానికి రంగు అంటితే అది ఈ బొంతకు పనికిరాదు. ముదురు రంగుల బొంతలో చిన్న మచ్చ కనబడదు. లేత రంగుల్లో దాచుకోవడానికి చోటే ఉండదు.

ఒకవేళ అంటుకుపోతే బొంతను ఆరనివ్వకండి. తడి మీదే ఎక్కువ నీళ్ళలో, సబ్బు పొడితో మళ్ళీ నానబెట్టి ఉతికితే చాలావరకు వదులుతుంది. నా ఎనిమిది ముక్కల్లో ఆరు బాగుపడ్డాయి. రెండు విప్పి మార్చాను.

అపోహ: అమ్మ చీరలు మొత్తం కోసేయాలి

ఈ భయంతోనే చాలామంది చీరలు బీరువాలోనే ఉంచేస్తారు. లెక్క చూద్దాం. ఐదున్నర అంగుళాల చదరాలు కోసి, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టు వదిలి కుడితే ఒక్కో ముక్క ఐదు అంగుళాలు తేలుతుంది. అడ్డం పది, నిలువు పన్నెండు పెడితే 120 ముక్కలు. 50 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. సోఫాలో కూర్చుని కాళ్ళ మీద కప్పుకోవడానికి చక్కగా సరిపోతుంది. దీనికి నాలుగు చీరల నుంచి తలా ముప్పావు మీటరు తీస్తే చాలు. చిరుగులు పక్కన పెట్టినా సరిపోతుంది. కొంగు అలాగే దాచుకోవచ్చు.

చీరలో ఏ భాగం తీయాలన్నది ముఖ్యం. కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. పోగులు విడిపోయి జల్లెడలా కనిపిస్తే ఆ చోటు వదిలేయండి. కూర్చునే చోటు, ఫాల్ కుట్టిన అంచు ముందుగా అరుగుతాయి. అది నిజంగా నూలేనా అని అనుమానం ఉంటే రెండు పోగులు లాగి కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రెండూ కలిపి కుడితే నూలు ముడుచుకుంటుంది, పాలియెస్టర్ ముడుచుకోదు. ఉతికాక బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది.

అపోహ: ఖరీదైన మిషన్ లేకపోతే కుదరదు

ఇంట్లో ఉన్న మామూలు మిషన్ చాలు, అదీ లేకపోతే చేతి కుట్టు చాలు. పనితనం అంతా కోతలో ఉంది. ఒక్కో అతుకు రెండు మిల్లీమీటర్లు తేడా పోయిందనుకోండి, పది ముక్కల వరుసలో తొమ్మిది అతుకులకు దాదాపు రెండు సెంటీమీటర్లు. వరుసలు మూలమూలకు కలవవు. ముక్కలను అట్టముక్క అచ్చు పెట్టి, పోగు వెంబడి నిటారుగా కోయండి. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుంది. ఇస్త్రీపెట్టెను గుడ్డ మీద లాగకుండా ఎత్తి అదమండి.

అపోహ: ఎంత మందంగా ఉంటే అంత వెచ్చన

వెచ్చదనం పొరల మధ్య నిలిచే గాలి వల్ల వస్తుంది. లోపల రెండు పాత చీరలు మడిచి పెట్టినా మన చలికి సరిపోతుంది. విడి దూది పెట్టేవాళ్ళు దగ్గర దగ్గరగా కుట్లు వేయకపోతే, నాలుగు ఉతుకుల తర్వాత అదంతా ఒక మూలకు చేరుతుంది. బూరుగు దూది అసలు వద్దు, జారిపోతుంది, దిండ్లకే బాగు. పైన అతుకుల గుడ్డ, లోపలి పొర, అడుగు గుడ్డ, ఈ మూడు పొరలూ కలిపి ముందు కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే కుట్టు) వేసుకుని, నడిమధ్య నుంచి అంచుల వైపు కుట్టుకుంటూ వెళ్ళండి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో ముడత మిగులుతుంది.

అపోహ: పసిబిడ్డకు కప్పడానికి ఇంతకంటే మంచిది లేదు

మెత్తదనంలో పాత నూలు గుడ్డను మించింది లేదు, నిజమే. కానీ ఏడాది లోపు బిడ్డకు నిద్రలో వదులు బొంత కప్పవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు, ముఖం మీదకు వస్తే ఊపిరాడదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, మీరు పక్కన ఉండి బోర్లా పడుకోబెట్టండి. నా దగ్గర పిల్లల బొంత అడిగినవాళ్ళకు ఈ మాట చెప్పి గానీ కొలత తీసుకోను.

ఇక ఉతకడం. చల్లటి నీళ్ళు, తక్కువ సబ్బు, పిండకుండా నీళ్ళు వాడ్చడం. ఆరేసేటప్పుడు తిరగేసి నీడలో వేయండి. ఒకే తీగ మీద ఎండలో వదిలేస్తే పైకి ఉన్న సగం ముందు వెలుస్తుంది, మడత చోట గీత పడుతుంది. ఆ గీత పోదు. ఆ నాలుగు చీరల బొంత మొన్న కట్టు, అంటే అంచు చుట్టూ కుట్టే పట్టీ, ఊడిందని నా దగ్గరికి వచ్చింది. వంకాయ రంగు ఇంకొంచెం పొగ బారింది, గంధం ముక్కలు అలాగే ఉన్నాయి. కట్టు మళ్ళీ కుట్టి, మిగిలిన పిస్తా చీర అంచును దానికి వాడాను.